పిల్లల ఉబ్బసం, అలర్జీ: ఆయాసం లేని రోజుల్లో చేయవలసిన పని

ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్లలో శ్రద్ధ అంతా ఆయాసం వచ్చిన రాత్రి మీదే ఉంటుంది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ మేలుకుంటారు, మందును సన్నటి తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ యంత్రం అటక మీది నుంచి కిందికి దిగుతుంది, తెల్లవారేసరికి బిడ్డ ఊపిరి కుదుటపడితే గండం గడిచిందనుకుని మళ్లీ ఆయాసం వచ్చేదాకా ఆ మాటే ఎత్తరు. అయితే ఈ జబ్బు వచ్చిపోయేది కాదు. హాయిగా ఆడుకుంటున్న రోజుల్లో కూడా ఆ బిడ్డ శ్వాసనాళాల లోపలి పొర కొద్దో గొప్పో వాచి, ఏ చిన్న కారణానికైనా రేగిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. జలుబో, పొగో, పుప్పొడో తగలగానే ఆ వాపు పెరుగుతుంది, నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, చిక్కటి కళ్లె అడ్డుపడుతుంది, గాలి ఆడడం కష్టమవుతుంది. ఆయాసాన్ని అదుపులో పెట్టే అసలు పని ఆయాసం లేని రోజుల్లోనే జరగాలి. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ మామూలు రోజుల గురించే ఉంటుంది. మోతాదులు బిడ్డ వయసును, బరువును, జబ్బు తీవ్రతను బట్టి వైద్యులు నిర్ణయించవలసినవి కనుక, వాటి జోలికి తక్కువగా వెళ్లి, మందు వాడే తీరును వివరంగా చెప్పుకుందాం.

ముందుగా, ఇది ఉబ్బసమేనా?

పిల్లికూతలు వినిపిస్తేనే ఉబ్బసమని చాలామంది అనుకుంటారు. కొందరు పిల్లల్లో ఆ కూతలు పైకి వినిపించవు, ఎడతెగని పొడిదగ్గు ఒక్కటే ఉంటుంది. అప్పుడు ఆ దగ్గు ఏ వేళల్లో, ఏం చేస్తున్నప్పుడు వస్తోందో గమనించాలి. అర్ధరాత్రి దాటాక గానీ తెల్లవారుజామున గానీ నిద్ర చెడగొట్టే దగ్గు, పరుగెత్తినప్పుడూ గట్టిగా నవ్వినప్పుడూ ఏడ్చినప్పుడూ తెరలు తెరలుగా వచ్చే దగ్గు, జలుబు చేసిన ప్రతిసారీ ఛాతీలోకి దిగి 10 రోజులు దాటినా వదలని దగ్గు ఉబ్బసాన్ని గుర్తుచేయాలి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నా, బిడ్డకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా (చర్మం దురదపెట్టి, ఎర్రబడి, పొడిబారడం) గానీ తరచూ తుమ్ములు గానీ ఉన్నా ఆ అనుమానం మరింత బలపడుతుంది.

ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో బలంగా, ఒకే పట్టున ఊదాలి. 5 ఏళ్లలోపు పిల్లలకు అది సాధారణంగా చేతకాదు. అందువల్ల ఆ వయసులో వైద్యులు లక్షణాల తీరును చూసి, అవసరమైతే 2, 3 నెలలు నివారణ మందు వాడించి, తగ్గిందా లేదా, ఆపాక తిరగబెట్టిందా అన్నది గమనించి ఒక నిర్ణయానికి వస్తారు. తమ బిడ్డ మీద ప్రయోగం చేస్తున్నారని నొచ్చుకునే తల్లిదండ్రులు ఉంటారు గానీ, ఆ వయసుకు ఉన్న సరైన పద్ధతి అదే. జలుబు చేసినప్పుడు మాత్రమే పిల్లికూతలు వచ్చే పసిపిల్లల్లో చాలామందికి బడి వయసు వచ్చేసరికి అవి వాటంతట అవే పోతాయి కూడా.

వైద్యుడి దగ్గరికి వెళ్లే సమయానికి బిడ్డ చక్కగా గాలి పీలుస్తూ ఉండడం ఎప్పుడూ జరిగేదే. ఆయాసం వచ్చినప్పుడు బిడ్డ చొక్కా తీసి, వెలుతురు బాగా పడేలా కూర్చోబెట్టి, మెడ నుంచి బొడ్డు దాకా కనిపించేలా, శ్వాస చప్పుడు వినిపించేలా ఫోనులో అర నిమిషం వీడియో తీసి ఉంచుకుంటే, మాటల్లో పావుగంట చెప్పినా అందని విషయం వైద్యుడికి ఒక్కసారిగా అర్థమవుతుంది.

కొన్ని లక్షణాలను మాత్రం ఉబ్బసం ఖాతాలో వేయకూడదు. ఆడుకుంటూనో తింటూనో ఉన్న చంటిబిడ్డకు ఉన్నట్టుండి దగ్గు, కూతలు మొదలైతే గింజో పూసో శ్వాసనాళంలోకి పోయి ఉండవచ్చు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి. కళ్లెతో కూడిన తడిదగ్గు 4 వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డ బరువు పెరగకపోయినా వేరే కారణాలు వెతకాలి.

రెండు మందులు, రెండు పనులు

ఉబ్బసం మందుల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి ఉపశమన మందు, సాల్బుటమాల్ ఇలాంటిదే. ఇది బిగుసుకున్న కండరాలను కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది, దాని ప్రభావం సుమారు 4 నుంచి 6 గంటలు ఉంటుంది. లోపలి వాపును ఇది తగ్గించలేదు. రెండోది నివారణ మందు, అంటే బుడెసోనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్. ఇది వాపును రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గిస్తుంది. పీల్చిన వెంటనే ఏ తేడా తెలియదు కనుక, దీన్నే ముందుగా మానేస్తారు. వెంటనే హాయినిచ్చేది మంచి మందనీ, ఏమీ తెలియనిది పనికిరానిదనీ అనుకోవడం సహజమే, కానీ ఈ జబ్బులో అంత ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదు.

ఉపశమన మందు ఎంత ఖర్చవుతోందన్నది జబ్బు అదుపు తప్పడానికి నమ్మదగిన గుర్తు. ఇన్‌హేలర్‌ను ఒక్కసారి ఒత్తితే వచ్చే మందును పఫ్ అంటారు. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి 3 గానీ అంతకు మించి గానీ అయిపోతుంటే తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు పెరుగుతుందని, నెలకొకటి చొప్పున అయిపోతుంటే ప్రాణాపాయమే పెరుగుతుందని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు రూపొందించే జీనా హెచ్చరిస్తోంది. 12 ఏళ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు ఉపశమన మందు ఒక్కదానితోనే చికిత్స నడపరాదని ఆ సంస్థ 2019 నుంచి చెబుతోంది. ఆ వయసు వారికి వైద్యులు ఇప్పుడు తరచుగా బుడెసోనైడ్, కండరాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసి ఉన్న ఒకే ఇన్‌హేలర్‌ను ఇస్తున్నారు. ఆయాసం వచ్చినప్పుడు దాన్ని పీల్చినా వాపు తగ్గించే మందు కూడా లోపలికి చేరుతుంది.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే తల్లిదండ్రుల్లో పుట్టే భయాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే దానికి కొంత ఆధారం ఉంది. బుడెసోనైడ్‌ను ఏళ్ల తరబడి రోజూ పీల్చిన పిల్లలను పెద్దవాళ్లయ్యే దాకా గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. పెద్దయ్యాక వారి ఎత్తు, ఆ మందు వాడని వారి కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువగా తేలింది. ఆ తేడా మందు మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో వచ్చినదే, ఆ తర్వాత ఏటేటా పెరుగుతూ పోలేదు. రాత్రుళ్లు నిద్రలేక, ఆటలకు దూరమై, మాటిమాటికీ ఆసుపత్రి పాలయ్యే బాల్యాన్ని ఒకవైపు, ఆ సెంటీమీటరునూ చిల్లరనూ మరోవైపు పెట్టి చూసుకోవాలి. పైగా తీవ్రమైన ఆయాసం వచ్చిన ప్రతిసారీ నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. రోజూ పీల్చే ఆ కాస్తా మానేస్తే, ఆ పెద్ద మోతాదు తరచుగా మింగించవలసి వస్తుంది. ఇన్‌హేలర్ మొదలుపెడితే ఇక జీవితాంతం దానికి బానిసైపోతారన్న మాటకైతే ఏ ఆధారమూ లేదు.

ఇన్‌హేలర్‌కు బదులు సిరప్ సురక్షితమని అనుకునేవారు ఒక చిన్న లెక్క చూడాలి. సాల్బుటమాల్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు ఉంటుంది. నోటి ద్వారా ఇచ్చే 2 మిల్లీగ్రాముల మోతాదు దానికి 20 రెట్లు. ఆ మందంతా కడుపులోకి వెళ్లి, ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, చివరికి కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది, అది కూడా ఆలస్యంగా. అందుకే జీనా మార్గదర్శకాలు నోటి సాల్బుటమాల్‌ను సిఫారసు చేయవు. మాంటెలుకాస్ట్ మాత్ర కొందరికి పనికొస్తుంది గానీ, అది వాడే పిల్లల్లో పీడకలలు, చిరాకు, దిగులు, ప్రవర్తనలో మార్పులు కనిపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక చేర్చింది. ఆ మార్పులు కనిపిస్తే మందు ఆపే విషయం వెంటనే వైద్యుడితో మాట్లాడాలి.

స్పేసర్‌తో మందు లోపలికి పంపడం

ఒత్తితే మందు చిమ్మే ఇన్‌హేలర్ పుట్టుక వెనుక ఒక చిన్నపిల్ల ఉందని చెబుతారు. సెంటు సీసాలా ఒత్తగానే చిమ్మే డబ్బాలో నా ఉబ్బసం మందు ఎందుకు పెట్టరని 1955లో అమెరికాలో రైకర్ ప్రయోగశాల అధ్యక్షుడిని ఆయన 13 ఏళ్ల కూతురు అడిగిందట. మరుసటి ఏడాదే అలాంటి ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. ఆ డబ్బా నుంచి మందు ఎంత వేగంగా దూసుకొస్తుందంటే, నేరుగా నోట్లో కొట్టుకుంటే అందులో చాలా భాగం గొంతుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. స్పేసర్ అనే గొట్టం ఆ వేగాన్ని తగ్గించి, మందును కాసేపు తనలో నిలిపి, బిడ్డ మామూలుగా శ్వాసిస్తూ పీల్చుకునే వీలు కల్పిస్తుంది. పిల్లలకు స్పేసర్ లేకుండా ఈ ఇన్‌హేలర్ ఇవ్వకూడదు. సుమారు 4 ఏళ్ల దాకా దానికి మాస్కు తగిలించాలి, ఆ తర్వాత పెదవులతో బిగించి పట్టగలిగిన వెంటనే మాస్కు తీసేసి నోటితోనే పీల్పించాలి. మాస్కుతో పీల్చినప్పుడు కొంత మందు ముక్కులోనే ఆగిపోతుంది కనుక ఈ మార్పును వాయిదా వేయకపోవడం మంచిది.

బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. ఇన్‌హేలర్ మూత తీసి, బాగా కుదిపి, స్పేసర్‌కు తగిలించాలి. కొత్త డబ్బా అయినా, చాలా రోజులు వాడకుండా ఉంచినదైనా దాని వెంట వచ్చిన కాగితంలో చెప్పినన్ని సార్లు ముందు గాలిలోకి కొట్టి చూడాలి. మాస్కును ముక్కు, నోరు రెండూ కప్పేలా, చెంపల దగ్గర సందు లేకుండా ఆనించాలి; చిన్న సందు ఉన్నా లోపలికి పోయే మందు బాగా తగ్గిపోతుంది. ఒక్క పఫ్ కొట్టి, 5 లేక 6 మామూలు శ్వాసలు లెక్కపెట్టాలి. స్పేసర్ లోపలి పలుచటి రెక్క ప్రతి శ్వాసకూ కదులుతుంటే మందు అందుతున్నట్టే. కొన్ని స్పేసర్లు ఈల వేస్తాయి. ఈల వినిపిస్తే బిడ్డ మరీ వేగంగా పీలుస్తోందని అర్థం, సరిగ్గా పీలుస్తోందని కాదు. రెండో పఫ్ అవసరమైతే అర నిమిషం ఆగి, ఇన్‌హేలర్‌ను మళ్లీ కుదిపి, అదే వరస మొదటి నుంచి చేయాలి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టడం వల్ల సమయం కలిసిరాదు, మందు బిందువులు ఒకదానికొకటి అతుక్కుని గొట్టం గోడలకే అంటుకుపోతాయి.

ఏడుస్తున్న బిడ్డకు మాస్కు అదిమిపెట్టి మందు కొడితే ఊపిరితిత్తుల దాకా చేరేది చాలా తక్కువ. ఆయాసం లేని రోజుల్లో స్పేసర్‌ను ఆటవస్తువులా చేతికిచ్చి, బొమ్మకు మాస్కు పెట్టించి, అమ్మానాన్నలు తమ ముఖానికి ఆనించుకుని చూపిస్తే, అవసరం వచ్చిన రోజున పెనుగులాట తప్పుతుంది. నివారణ మందు పీల్చిన తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి, మాస్కు వాడితే ముఖం కూడా కడగాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. పళ్లు తోముకునే ముందు మందు పీల్చే అలవాటు చేస్తే రెండు పనులూ ఒకేసారి తీరతాయి, మందు మరచిపోవడమూ తగ్గుతుంది.

స్పేసర్‌ను నెలకోసారి విడదీసి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. ప్లాస్టిక్‌ను గుడ్డతో రుద్దితే అందులో స్థిర విద్యుత్తు పుట్టి, మందు గోడలకు అంటుకుంటుంది. ఇక డబ్బా ఖాళీ అయిందో లేదో నీళ్లలో తేల్చి చూసే పాత పద్ధతిని నమ్మకూడదు, ఎందుకంటే మందు అయిపోయాక కూడా అందులో మిగిలిన వాయువు చాలాసేపు చిమ్ముతూనే ఉంటుంది. అంకెల మీటరు లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీని దాని మీదే రాయాలి. 200 పఫ్‌ల డబ్బా నుంచి ఉదయం 2, రాత్రి 2 వాడితే సరిగ్గా 50 రోజులు వస్తుంది. 70 రోజులైనా ఇంకా వస్తోందంటే, బిడ్డ ఖాళీ గాలైనా పీలుస్తూ ఉండాలి, లేదా చాలా రోజులు మందు మరచిపోయైనా ఉండాలి.

నెబ్యులైజర్ పెద్ద యంత్రం కనుక పెద్ద వైద్యమని అనుకుంటారు. తేలికపాటి, మధ్యస్థాయి ఆయాసంలో స్పేసర్‌తో సరిగ్గా ఇచ్చిన ఇన్‌హేలర్ దానికి ఏమాత్రం తీసిపోదు. కరెంటు అక్కర్లేదు, సంచిలో పడుతుంది, గుండె దడ కూడా తక్కువ.

ఇంట్లో ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

అన్ని అలర్జీ కారకాలనూ ఇంటి నుంచి వెళ్లగొట్టడం ఎవరి వల్లా కాదు, ఆ ప్రయత్నంలో తల్లిదండ్రులు అలసిపోయి మందులు మరచిపోవడమే ఎక్కువ. ఏది తగ్గిస్తే నిజంగా ఫలితం ఉంటుందో దాని మీదే శక్తి పెట్టాలి. ఆ వరసలో మొదటిది పొగ. సిగరెట్టును బాల్కనీలో కాల్చినా ఆ పొగ బట్టలకూ జుట్టుకూ అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పొగతాగే మనిషి ఉన్న ఇంట్లో మిగతా జాగ్రత్తలన్నీ సగం వృథా అని నిర్మొహమాటంగా చెప్పాలి. పొయ్యి పొగ, దోమల కాయిల్ పొగ, గదిలో చల్లే ఘాటైన సువాసన స్ప్రేలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

రెండోది పరుపు. ఇంటి దుమ్ములో ఉండే ధూళి పురుగులు కంటికి కనిపించనంత చిన్నవి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని, పరుపులోనూ దిండులోనూ మెత్తటి బొమ్మల్లోనూ పెరుగుతాయి. అలర్జీ కలిగించేది ప్రధానంగా వాటి విసర్జనలోని ప్రోటీన్లు. బిడ్డ రాత్రికి 9, 10 గంటలు ముఖం ఆనించి పడుకునేది అక్కడే కనుక, ఇల్లంతా దులపడం కంటే ఆ ఒక్క పడకను బాగుచేయడం వల్ల ఉపయోగం ఎక్కువ. పరుపుకూ దిండుకూ ఈ పురుగులు దాటలేని నేత ఉన్న జిప్పు తొడుగులు వేయాలి, దుప్పట్లనూ గలేబులనూ వారానికోసారి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకాలి, గదిలో తేమ 50 శాతానికి లోపు ఉండేలా గాలి ఆడనివ్వాలి. వేడినీటిలో ఉతకలేని బొమ్మను ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచితే పురుగులు చస్తాయి, ఆ తర్వాత ప్రోటీన్లు పోవడానికి మామూలు నీటిలో ఉతకాలి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి గాలిలో తేలుతుంది; తడిగుడ్డ మేలు, ఊడ్చేటప్పుడు బిడ్డ వేరే గదిలో ఉండడం మరీ మేలు. ఇవన్నీ ధూళి పురుగులతో అలర్జీ ఉందని తేలిన పిల్లలకు చేయవలసినవి. ఆ అలర్జీ లేని బిడ్డ కోసం ఖరీదైన తొడుగులు కొనవలసిన పని లేదు.

పిల్లి, కుక్క అలర్జీ ఉంటే ఆ జంతువును వేరే ఇంటికి పంపాక కూడా దాని ప్రోటీన్లు నెలల తరబడి ఇంట్లోనే ఉంటాయి కనుక, వారంలో ఫలితం లేదని నిరాశపడకూడదు. గోడకు బూజు పట్టిన చోట రంగు వేయడం కంటే నీరు కారే చోటును మూయడం ముఖ్యం. బొద్దింకలకు తిండి, నీరు దొరకకుండా చేయాలి. పుప్పొడి కాలంలో కిటికీలు మూసి, బయటి నుంచి రాగానే బిడ్డకు స్నానం చేయించి బట్టలు మార్చాలి. ఆ కాలంలో వచ్చే ఉరుములతో కూడిన గాలివాన కూడా చెడ్డదే. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో గడ్డి పుప్పొడి పగిలి సూక్ష్మ కణాలుగా గాలిలో కమ్ముకోవడంతో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, 10 మంది చనిపోయారు.

ఇంత చేసినా, పిల్లల్లో ఆయాసాన్ని రేపే అతి సాధారణ కారణం వైరస్ జలుబు. దాన్ని ఏ తొడుగూ ఆపలేదు. చేతులు కడిగించడం, ఏటా ఫ్లూ టీకా వేయించడం, నివారణ మందు మానకపోవడం, ఈ మూడే అక్కడ మన చేతిలో ఉన్నవి.

ముక్కును మరచిపోవద్దు

ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్నది ఒకటే దారి. ముక్కు అలర్జీ రేగి ఉన్న బిడ్డకు ఉబ్బసం ఎంత మందు వేసినా పూర్తిగా లొంగదు. అరచేత్తో ముక్కును పైకి రుద్దుకోవడం వల్ల ముక్కు మీద పడే అడ్డగీత, కళ్లకింద నలుపు, నోరు తెరిచి నిద్రపోవడం దీనికి గుర్తులు. సెటిరిజైన్, లోరాటడిన్ వంటి మందులు దురద, తుమ్ములు తగ్గిస్తాయి. ముక్కు దిబ్బడకు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే మెరుగైనది. దాన్ని మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుకు వంచి కొట్టాలి, లేకపోతే నెత్తురు కారవచ్చు. దిబ్బడ విడిపించే చుక్కల మందులు వెంటనే హాయినిస్తాయి గానీ, రోజుల తరబడి వేస్తే దిబ్బడ మునుపటి కంటే ఎక్కువవుతుంది.

పరీక్షల గురించి ఒక్క మాట. చర్మం మీద గుచ్చి చేసేదైనా, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని చూసేదైనా, పరీక్షలో పాజిటివ్ రావడం అంటే ఆ పదార్థాన్ని ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపడుతోందని మాత్రమే. ఆ పదార్థం తిన్నా తగిలినా ఏమీ కాని బిడ్డకు అది అలర్జీ కాదు. పొడుగాటి జాబితా పట్టుకుని పాలు, గుడ్డు, గోధుమ అన్నీ మాన్పించి బిడ్డను చిక్కిపోయేలా చేయడం పరీక్షను తప్పుగా చదవడమే. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం పేరుతో అమ్మే ఆహార పరీక్షలకు అలర్జీ నిర్ధారణలో ఏ విలువా లేదు.

ఆహార అలర్జీ, అనఫిలాక్సిస్

నిజమైన ఆహార అలర్జీ సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి 2 గంటల లోపు బయటపడుతుంది. పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా, నువ్వులు దీనికి ప్రధాన కారణాలు. పెదవుల వాపు, దద్దుర్లతో ఆగితే అది తేలికపాటిది. వాటితో పాటు గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, మాటిమాటికీ వాంతులు, సొమ్మసిల్లడం వంటివి వస్తే అది అనఫిలాక్సిస్, దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. తొడ బయటివైపు మధ్య కండరంలో, అవసరమైతే బట్టల మీదుగానే ఇవ్వాలి. సెటిరిజైన్ వేసి చూద్దాం అనుకుంటూ గడిపే ప్రతి నిమిషమూ నష్టమే. ఉబ్బసం ఉన్న బిడ్డలో కూతలు కూడా వస్తుంటే ముందు అడ్రినలిన్, ఆ తర్వాతే సాల్బుటమాల్. ఈ వరస తారుమారు కాకూడదు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి, లేచి నడవనివ్వకూడదు. 5 నిమిషాల్లో మెరుగుపడకపోతే రెండో మోతాదు ఇవ్వాలి, అందుకే దగ్గర ఎప్పుడూ అడ్రినలిన్ నింపి ఉన్న ఇంజెక్షన్ పెన్నులు రెండు ఉండాలి. పూర్తిగా తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ రావచ్చు. పెన్నును ఫ్రిజ్‌లో గానీ, ఎండలో నిలిపిన కారులో గానీ ఉంచకూడదు, దాని గడువు తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోవాలి.

పసిపిల్లలకు వేరుశనగ 3 ఏళ్ల దాకా పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పింది, 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ పదార్థాలు మొదలుపెడితే ఆ అలర్జీ సుమారు 80 శాతం తగ్గిందని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం తేల్చింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకు ముందు వైద్యుడిని అడిగి మొదలుపెట్టాలి, గింజలుగా కాకుండా మెత్తగా చేసి పెట్టాలి.

ఆయాసం వచ్చినప్పుడు

ఏం చేయాలో ఆ క్షణంలో ఆలోచించుకునే పరిస్థితి ఉండకూడదు. మామూలు రోజుల్లో ఏ మందు ఎంత, లక్షణాలు మొదలైతే ఏం పెంచాలి, ఏ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి అన్న మూడు సంగతులూ ఒకే కాగితం మీద వైద్యుడి చేత రాయించుకుని, ఫ్రిజ్ తలుపు మీద ఒకటి, బడిలో ఒకటి, అమ్మమ్మ తాతయ్యల ఇంట్లో ఒకటి ఉంచాలి. అలాంటి కాగితం ఇంకా లేని ఇంటికి ప్రథమ చికిత్సలో నేర్పే ఒక సులువైన పద్ధతి ఉంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఉపశమన మందు 4 పఫ్‌లు, ఒక్కొక్కటీ విడిగా, ఒక్కో పఫ్‌కు 4 శ్వాసల చొప్పున స్పేసర్‌తో ఇచ్చి, 4 నిమిషాలు ఆగి చూడాలి. తగ్గకపోతే మరో 4 పఫ్‌లు ఇవ్వాలి. అప్పటికీ కుదుటపడకపోతే అంబులెన్సును పిలిచి, అది వచ్చేదాకా అదే పద్ధతి కొనసాగించాలి.

డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, మెడ దగ్గర గుంట పడడం, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, చంటిబిడ్డ అయితే పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగత, వీటిలో ఏది కనిపించినా పఫ్‌లు ఇస్తూనే బయలుదేరాలి. వీటన్నిటికంటే మోసపుచ్చే గుర్తు ఒకటుంది. అప్పటిదాకా గట్టిగా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి, బిడ్డ అలసి నిశ్శబ్దంగా పడుకుంటే తగ్గిందనుకుంటారు. కూత రావడానికి కూడా గాలి ఆడాలి. కూత ఆగి బిడ్డ నీరసపడిందంటే గాలి కూడా ఆడడం లేదేమోనని అనుమానించాలి.

ఇంట్లోనే తగ్గిపోయిన ఆయాసమైనా, ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చూపించాలి. ఉపశమన మందు ప్రభావం 3, 4 గంటలైనా నిలవకపోతే ఆ రోజే వెళ్లాలి.

బడి, ఆటలు

ఉపశమన ఇన్‌హేలర్ బడి ఆఫీసులో తాళం వేసిన బీరువాలో ఉంటే లేనట్టే. అది బిడ్డ సంచిలోనో, తరగతి టీచరు చేతికందే చోటో స్పేసర్‌తో సహా ఉండాలి. ఆటల పీరియడ్ మాన్పించమని ఉత్తరం రాసివ్వడం తల్లిదండ్రులు ప్రేమతో చేసే అన్యాయం. పరుగెత్తితే ఆయాసం వస్తోందంటే జబ్బు అదుపులో లేదని అర్థం, సరిచేయవలసింది చికిత్సను. ఆటకు ముందు కాసేపు ఒళ్లు వెచ్చబడేలా కదలడం, వైద్యుడు చెబితే 10, 15 నిమిషాల ముందు ఉపశమన మందు పీల్చడం చాలామందికి సరిపోతుంది.

మందు పెంచాలా, తగ్గించాలా?

6 ఏళ్లు దాటిన పిల్లల విషయంలో నెలకోసారి, గడిచిన 4 వారాలను గుర్తు చేసుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ పగటిపూట దగ్గు, ఆయాసం వచ్చాయా? ఉబ్బసం వల్ల ఒక్క రాత్రైనా నిద్ర చెడిందా? ఉపశమన మందు వారానికి రెండుసార్లు మించి అవసరమైందా? ఆటపాటలు ఏవైనా ఆగాయా? ఒక్కదానికైనా అవునన్న జవాబు వస్తే వైద్యుడిని కలవాలి. మందు పెంచమని అడిగే ముందు మాత్రం ఇన్‌హేలర్, స్పేసర్ వెంట తీసుకెళ్లి, ఇంట్లో ఎలా పీలుస్తున్నారో వైద్యుడి ఎదుటే చేసి చూపించాలి. మందు పనిచేయడం లేదని వచ్చే పిల్లల్లో ఎందరికో లోపం మందులో ఉండదు, పీల్చే తీరులోనో, మరచిపోయిన రోజుల్లోనో ఉంటుంది.

నాలుగింటికీ కాదన్న జవాబే వరుసగా 3 నెలలు వస్తే మోతాదు తగ్గించే మాట వైద్యుడు ఎత్తవచ్చు. ఎత్తకపోతే మనమే అడగవచ్చు. తగ్గించే సమయాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. జలుబులు ముసిరే కాలంలో, పుప్పొడి రేగే కాలంలో, బడులు తెరిచే వారంలో, ప్రయాణానికి ముందు ఆ పని పెట్టుకోకూడదు. తగ్గించాక మళ్లీ రాత్రి దగ్గు మొదలైతే పాత మోతాదుకు ఎప్పుడు వెళ్లాలో ముందే రాయించుకోవాలి. 12, 13 ఏళ్లు వచ్చేసరికి పిల్లలు మందు తామే వేసుకుంటామంటారు. వేసుకోనివ్వాలి, కానీ డబ్బా మీద అంకె ఎంత తగ్గిందో వారానికోసారి పెద్దలు చూస్తూనే ఉండాలి.